నాలుగున్నరేళ్ల బాబు రోజంతా కార్లతోనే ఆడుతున్నాడు, ఇందులో చదువు ఎక్కడుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. బాబుకి నాలుగున్నరేళ్లు. బడికి పంపకుండా ఇంట్లోనే, ఆటలతోనే నేర్పాలని మీరూ మీవారూ అనుకుని మూడు నెలలైంది. వాడు పొద్దున లేచింది మొదలు కార్లు వరసగా పేర్చడం, తీసెయ్యడం, మళ్లీ పేర్చడం. మీరు అక్షరాల పుస్తకం తీస్తే లేచి వెళ్లిపోతున్నాడు. ఇంటికి వచ్చినవాళ్లంతా "ఇంకా అక్షరాలు రాయడం రాలేదా?" అంటున్నారు. వాడు నిజంగా ఏమైనా నేర్చుకుంటున్నాడా, మీరు ఏం చెయ్యాలి, రోజు ఎలా గడవాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. వాడు నేర్చుకుంటున్నాడు. ఈ వయసుకి అక్షరాలు రాయకపోతే వెనకబడినట్టు కాదు. అయితే పిల్లల ఇష్టాన్ని బట్టి నేర్పడమంటే వాళ్ల మానాన వాళ్లని వదిలెయ్యడం అనుకోకండి. ఇందులో పెద్దవాళ్లకు చాలా పని ఉంది. ఆ పనిలో ముప్పాతిక వంతు చూడటమే.

నేను తొమ్మిదేళ్లు చిన్నపిల్లల తరగతిలో టీచరుగా పనిచేశాను. తర్వాత మా ఇద్దరు పిల్లలకూ ఎనిమిదేళ్లు వచ్చేదాకా ఇంట్లోనే నేర్పాను. ఇప్పుడు ఇలాగే ఇంట్లో నేర్పుకుంటున్న కొన్ని కుటుంబాలకు తోడుగా ఉంటున్నాను. కింద రాసేదంతా అక్కడి నుంచి వచ్చిందే.

ముందు ఆ కార్ల సంగతి. రేపు పొద్దున ఓ ఇరవై నిమిషాలు, చేతిలో ఫోను లేకుండా, వాడి పక్కన నేల మీద కూర్చోండి. ఏమీ అడగకండి. ఏ లెక్కన పేరుస్తున్నాడో చూడండి. పెద్దవి ముందు పెడుతున్నాడా? రంగు రంగుకీ విడదీస్తున్నాడా? ఒకటి వంకరగా ఉంటే సరిచేస్తున్నాడా? అంబులెన్సు వస్తే మిగతావాటిని పక్కకు జరుపుతున్నాడా? లోపల్లోపల ఏదో మాట్లాడుకుంటున్నాడా? పెద్దా చిన్నా పోల్చుకోవడం, రకాలుగా విడదీయడం, ఒక నియమం పెట్టుకుని చివరిదాకా దానికి కట్టుబడటం, ఇవన్నీ లెక్కలకు పునాది. అంకెలు దిద్దడం దాని తర్వాత వచ్చే పని.

చేసిందే చేస్తున్నాడని మీరు రాశారు. నన్నడిగితే అది మంచి గుర్తు. 1907లో రోమ్ నగరంలో ఇటలీ వైద్యురాలు మరియా మాంటిస్సోరి చిన్నపిల్లల కోసం తన మొదటి బడి తెరిచారు. దాదాపు మూడేళ్ల పాప ఒకతి చెక్కదిమ్మలను వాటి గుంతల్లో అమర్చి, తీసి, మళ్లీ అమర్చడం ఆవిడ గమనించారు. ఎన్నిసార్లు చేస్తుందో లెక్కపెడితే 44 సార్లు అయింది. మధ్యలో మిగతా పిల్లల చేత పాటలు పాడించారు, ఆ పాప కూర్చున్న కుర్చీని ఎత్తి బల్ల మీద పెట్టారు. అయినా పాప తన పని ఆపలేదు. చివరికి తనంతట తనే ఆపి, హాయిగా నిద్రలేచినదానిలా చుట్టూ చూసిందట. చేసిందే చెయ్యడం వెనక ఏదో ఒక విషయం ఖాయం అవుతూ ఉంటుంది. అది ఖాయమయ్యాక వాళ్లే వదిలేస్తారు.

మా పెద్దమ్మాయి దగ్గర అది నా కళ్లారా చూశాను. నాలుగేళ్లు దాటాక దానికి గుండీల డబ్బా పిచ్చి. ఏడు గుండీలు దగ్గరదగ్గరగా పేర్చి లెక్కపెట్టేది, "ఏడు". వాటినే ఎడంగా జరిపి "ఇప్పుడు చాలా ఉన్నాయి" అనేది. మళ్లీ లెక్కపెడితే ఏడే. నుదురు ముడిచి, దగ్గరకు జరిపి, మళ్లీ లెక్క. ఈ వయసు పిల్లలు వరస పొడుగ్గా కనిపిస్తే వస్తువులే ఎక్కువయ్యాయనుకుంటారని స్విట్జర్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ పియాజే ఎప్పుడో చూపించారు. ఆ సంగతి తెలుసు కాబట్టి నోరు కట్టుకుని కూర్చున్నాను, లేకపోతే "ఏడే కదమ్మా, నువ్వే లెక్కపెట్టావుగా" అనేసేదాన్ని. ఆ ఆట నెలల తరబడి వస్తూ పోతూ ఉంది. ఆరేళ్లు దగ్గరపడుతున్నప్పుడు ఒకరోజు గుండీలు గది ఈ చివర నుంచి ఆ చివరకు పరిచి, నా వైపు తిరిగి పకపకా నవ్వి, "అమ్మా, ఎంత దూరం పెట్టినా ఇవి అవే!" అంది. ఆ మాట నేను ముందే చెప్పేసి ఉంటే నమ్మేది, కానీ అంతలా నవ్వేది కాదు.

ఇక్కడే ఓ మాట. వందదాకా గడగడా చదివే పిల్లవాడు ఐదు పెన్సిళ్లు తెమ్మంటే గుప్పెడు తెచ్చేస్తాడు. అంకెల పేర్లు వరసగా రావడం వేరు, చివర పలికిన అంకే మొత్తం ఎన్నో చెప్తుందని తెలియడం వేరు. ఈ రెండోది చేతిలో వస్తువులుంటేనే వస్తుంది. కాబట్టి ఎదురింటి పాప వంద చదువుతోందని టెన్షన్ పడకండి.

ఇక మీరు చెయ్యాల్సింది. చూడండి, ఆగండి, ఆ తర్వాత ఒకే ఒక్కటి చేర్చండి. ఈ "ఒక్కటి" ఎలా ఉంటుందో మా చిన్నవాడి విషయంలో చెప్తాను.

వాడికి అప్పుడు ఐదేళ్లు నిండలేదు. హాల్లో కుర్చీలు వరసగా వేసి బస్సు ఆట. డ్రైవరూ వాడే, కండక్టరూ వాడే. పాత కాగితాలు చింపి, పెన్సిల్‌తో అడ్డదిడ్డంగా గీతలు గీసి టికెట్లు ఇచ్చేవాడు. రెండు రోజులు ఊరికే చూశాను. మూడోరోజు ఓ అట్టముక్క మీద "చెరువు" అని పెద్దగా రాసి చివరి కుర్చీకి తగిలించాను. ఏమీ చెప్పలేదు. వాడే వచ్చి "ఇదేంటి?" అన్నాడు. "బస్సు ఆగే చోటు. చెరువు" అన్నాను. కాసేపు దానివంకే చూసి, "మరి ఆస్పత్రి ఏదీ?" అన్నాడు. సాయంత్రానికి ఆరు అట్టముక్కలు తయారయ్యాయి, అన్నీ నేను రాసినవే, వాడు చెప్పినవే. వారం తిరక్కుండా అమ్మమ్మ బస్సెక్కి, గీతల టికెట్టు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో చెరువు అని లేదే నాయనా, నన్నెక్కడ దింపుతావు?" అంది. వాడు పెన్సిలు పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, చె ఎలా రాయాలి? తొందరగా!"

వాడు రాసిన చెకి ఎత్వం పక్కకు ఒరిగిపోయింది, రు తలకిందులైంది. నేను సరిదిద్దలేదు. అమ్మమ్మ ఆ టికెట్టు తీసుకుని చెరువు దగ్గర దిగింది. అంతకు ముందు నెలంతా పలక ముందు కూర్చోబెట్టడానికి నేను చేసిన ప్రయత్నాలేవీ ఆ పని చెయ్యలేకపోయాయి.

రష్యన్ మనస్తత్వ శాస్త్రవేత్త లెవ్ వైగోత్‌స్కీ దీన్ని చక్కగా పట్టుకున్నారు. కర్రను గుర్రమనుకుని ఎక్కి తిరిగే పిల్లవాడు ఒక వస్తువును ఇంకోదానికి గుర్తుగా వాడుతున్నాడు. అక్షరం కూడా గుర్తే. ఊహల ఆట, బొమ్మ గీయడం, రాత, మూడూ ఒకే దారిలోని మజిలీలన్నది ఆయన ఆలోచన. కాబట్టి కార్లు నడుపుతూ "ఇది పెట్రోలు బంకు" అని కాలి చెప్పును చూపించే పిల్లవాడు రాతకు దూరంగా లేడు, ఆ దారిలోనే నడుస్తున్నాడు.

నేను చేసిన తప్పూ చెప్పాలి, ఎందుకంటే మీరూ అదే చేస్తున్నారేమో అనిపించింది. పెద్దమ్మాయి మూడున్నరేళ్లప్పుడు బొమ్మలకు ఆస్పత్రి పెట్టింది. నేను పక్కన చేరి, "ఎంతమంది పేషెంట్లు? ఎర్ర దుప్పటి ఎవరిది? ఇది గుండ్రమా, చదరమా?" అని మొదలుపెట్టాను. మూడో ప్రశ్నకి అది బొమ్మను కింద పెట్టి, "ఆస్పత్రి మూసేశారు" అని లేచి వెళ్లిపోయింది. ఆటను పరీక్షగా మార్చేశాను. జవాబు మనకు ముందే తెలిసిన ప్రశ్న పిల్లలకు ఇట్టే తెలిసిపోతుంది. ప్రశ్న బదులు ఆటలో ఒక పాత్రగా దూరండి. "నా లారీకి ఆగడానికి చోటు దొరకలేదు" అని ఊరుకోండి. వాడు జరిపి చోటిస్తాడో, కొత్త వరస కడతాడో, "నీ లారీ వద్దు" అంటాడో చూడండి. వద్దంటే తప్పుకోండి.

స్టార్లు, స్టిక్కర్లు, బహుమతులు కూడా వద్దు. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లల్లో కొందరికి గీస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. తర్వాత ఖాళీగా వదిలినప్పుడు ఆ పిల్లలు మిగతావాళ్లకన్నా తక్కువసేపు గీశారు. మా ఇంట్లో పుస్తకాల చార్టు పెట్టిన పది రోజులకే పెద్దమ్మాయి "ఈ కథకి స్టార్ ఉందా?" అని అడిగి, లేదంటే పుస్తకం మూసేసింది. ఆ రాత్రే చార్టు తీసేశాను.

రోజు ఎలా గడవాలని అడిగారు. గంటల వారీ టైమ్‌టేబుల్ పెట్టకండి, రెండో వారానికే అది మీ మెడకు చుట్టుకుంటుంది. పనుల వరస మాత్రం రోజూ ఒకేలా ఉండాలి. పొద్దున గంటా గంటన్నర ఎవరూ కదపని ఆట. ఆ టైములో "రా, స్నానానికి", "ఇటు చూడు, ఫోటో" అనే పిలుపులు ఉండకూడదు. ఆట ముదరడానికే అరగంట పడుతుంది, మనం సరిగ్గా అప్పుడే పిలుస్తాం. తర్వాత బయట మట్టి, నీళ్లు, పరుగు, ఎక్కడం దిగడం. మీతో కలిసి ఇంటిపని: ఉతికిన బట్టల్లో సాక్సులు జతలు కలపడం, మొక్కలకు నీళ్లు, ఎవరి బట్టలు వాళ్ల అరలో పెట్టడం. ఇది చదువు కాదనుకోకండి. జతలు కలపడం కన్నా మంచి లెక్కల వర్క్‌షీటు నేను చూడలేదు. రోజులో రెండుసార్లు ఒళ్లో కూర్చోబెట్టుకుని కథ చదవండి. చదివిందే చదవమంటే చదవండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం మూడు, నాలుగేళ్ల పిల్లలకు రోజుకు కనీసం 180 నిమిషాలు ఒళ్లు కదిలే ఆటలుండాలి, అందులో కనీసం 60 నిమిషాలు ఓ మోస్తరుగానో గట్టిగానో ఆయాసం వచ్చేవి. నిద్ర 10 నుంచి 13 గంటలు. కూర్చుని తెర చూడటం గంటకు మించకూడదు, ఎంత తగ్గితే అంత మేలు. "చదువు నేర్పే" యాప్‌లను కూడా ఆ గంటలోనే లెక్కేయండి.

వస్తువుల గురించి ఎక్కువ రాయను. చెక్క బ్లాకులు, అట్టపెట్టెలు, తాళ్లు, పాత దుప్పట్లు, కాగితాలు, రంగులు, కత్తెర. ఒకే పని చేసే ఖరీదైన బొమ్మ కన్నా పది పనులకు పనికొచ్చే అట్టపెట్టె నయం. అన్నీ ఒకేసారి బయట పెట్టకండి. సగం దాచి, రెండు వారాలకోసారి మార్చండి.

ఇప్పుడు చదవడం. ఇక్కడ నాలాంటి చాలామందితో నాకు పేచీ ఉంది. "టైమొస్తే చదవడం దానంతట అదే వస్తుంది, ఏమీ నేర్పక్కర్లేదు" అంటారు. నేను ఒప్పుకోను. మాట్లాడటం వింటూ ఉంటే వస్తుంది, చదవడం మాత్రం ఎక్కువమందికి ఎవరో ఒకరు నేర్పితేనే వస్తుంది. మా పెద్దమ్మాయి ఐదేళ్లకు కథల పుస్తకాల నుంచే పట్టేసింది. బస్సు టికెట్లు రాసిన మావాడు ఆరున్నరేళ్లకూ గుణింతాలు కలిపి చదవలేకపోయాడు. అప్పుడు రోజుకు పదిహేను నిమిషాలు పక్కన కూర్చుని, ముందు శబ్దం, తర్వాత అక్షరం, తర్వాత గుణింతం, ఆఖరున ఒత్తులు, వరస తప్పకుండా నేర్పాను. ఎనిమిది నెలలు పట్టింది. మిగతా రోజంతా వాడి ఆట వాడిదే. అలా నేర్పినందుకు వాడి స్వేచ్ఛేమీ పోలేదు, పుస్తకాల అర తెరుచుకుంది.

మీ బాబుకి ఇప్పుడు కావలసింది శబ్దాల ఆట. పేరును చప్పట్లతో విడదీయడం, కతో మొదలయ్యేవి వెతకడం, మాట చివరి అక్షరంతో ఇంకో మాట చెప్పడం. నడుస్తూ, స్నానం చేయిస్తూ ఆడొచ్చు. అక్షరాల పుస్తకం కొన్నాళ్లు అరలోనే ఉండనివ్వండి. అది చూడగానే లేచిపోతున్నాడంటే దానికీ వాడికీ ఇప్పటికే కొంచెం చెడింది, దాన్ని పెంచకండి.

కొన్ని జాగ్రత్తలు.

మిగతా పిల్లలు. ఈ వయసులో పక్కపక్కన ఎవరి ఆట వాళ్లు ఆడటం నుంచి కలిసి ఆడటానికి మారుతుంటారు. వంతు కోసం ఆగడం, ఓడిపోయి ఏడవడం, మళ్లీ వెళ్లి కలవడం, ఇవి అమ్మానాన్నలతో ఆడితే రావు, మనం ఊరికే ఓడిపోతాం కాబట్టి. వారంలో మూడు నాలుగు సార్లైనా అదే పిల్లలతో, పెద్దవాళ్లు మరీ కలగజేసుకోకుండా ఆడాలి. ఇది కుదరకపోతే నేనైతే ఇంటి చదువు గురించి మళ్లీ ఆలోచిస్తాను.

డాక్టరుకు చూపించాల్సినవి. బడిలో అయితే పాతికమంది పిల్లలను చూసిన టీచరు కన్ను ఉంటుంది. ఇంట్లో ఆ కన్ను లేదు. కార్లు వరసగా పేర్చడం ఒక్కటే చూసి భయపడకండి, చాలామంది పేరుస్తారు. కానీ పేరు పెట్టి పిలిస్తే తరచూ పలకకపోవడం, వచ్చిన మాటలు తగ్గిపోవడం, వాడి మాట బయటివాళ్లకు చాలావరకు అర్థం కాకపోవడం, ఊహల ఆట అసలే లేకపోవడం, ఎవరితోనూ కలవాలని అనిపించకపోవడం, ఇలాంటివి ఉంటే పిల్లల డాక్టరుకు చూపించండి. చెవులు, కళ్లు ఎలాగూ ఓసారి పరీక్ష చేయించండి.

చట్టం. దేశాన్ని బట్టి పూర్తిగా మారుతుంది. ఫిన్లాండ్‌లో అసలు బడి ఏడేళ్లకు మొదలవుతుంది, దానికి ముందు ఏడాది ఆటలతో నడిచే ప్రీస్కూలు. జర్మనీలో బడి వయసు వచ్చాక పిల్లలను ఇంట్లో చదివించడానికి దాదాపు అనుమతే లేదు. మీరున్న చోట ఏ వయసు నుంచి పేరు నమోదు చెయ్యాలో, పరీక్షలేమైనా ఉన్నాయో ఇప్పుడే రాతపూర్వకంగా కనుక్కోండి.

మీరు. మీ ప్రశ్నలో బాబు గురించి పదిహేను వాక్యాలున్నాయి, మీ గురించి ఒక్కటీ లేదు. రోజంతా ఒక్కరే చూసుకుంటే ఆరు నెలల్లో అలసిపోతారు, ఆ అలసట బాబు మీదకే వెళ్తుంది. మీవారికి వారంలో రెండు పూటలు పూర్తిగా అప్పగించండి. ఆయన పద్ధతిలో ఆయన ఆడనివ్వండి, మధ్యలో దిద్దకండి.

ఇక చుట్టాల మాట. వాదించి లాభం లేదు, చూపించాలి. ఓ నోటుబుక్కు పెట్టుకుని రోజూ పడుకునే ముందు మూడు లైన్లు రాయండి: ఏం చేశాడు, ఏమన్నాడు, ఎక్కడ ఆగిపోయాడు. నా పాత పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంది: "కుర్చీలు ఐదు వేశాడు. ఆరుగురు ఉన్నారు. 'ఒకళ్లు నిలబడాలి' అన్నాడు. నిలబడేవాళ్లకి సగం టికెట్టు ఇచ్చాడు. కాగితాన్ని మధ్యకి మడిచి చింపాడు." మా మామగారు ఇంటి చదువుకు గట్టి వ్యతిరేకి. ఈ పుస్తకం ఓ మధ్యాహ్నం కూర్చుని మొత్తం చదివి, "వీడికి సగం ఎవరు చెప్పారు?" అని అడిగారు. ఆ తర్వాత ఆయన అక్షరాల ఊసెత్తలేదు. మరుసటి వారం బస్సుకి గంట తెచ్చిపెట్టారు. కావాలంటే ఇంకోటి కూడా చెప్పండి: ఆటతో చదువు నిన్నమొన్నటి ఫ్యాషన్ కాదు. జర్మనీలో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ చెక్క బ్లాకులతో, పాటలతో, తోటపనితో పిల్లలకు నేర్పిన చోటికి 1840లోనే కిండర్‌గార్టెన్, అంటే పిల్లల తోట, అని పేరు పెట్టారు.

మీ కార్ల దగ్గరికొస్తే, మొదటి వారం చూసి రాసుకోవడమే. రెండో వారం ఓ పొడుగాటి అట్టముక్కను రెండు పుస్తకాల మీద ఏటవాలుగా ఆనించి, వాడు లేచేసరికి కార్ల పక్కన పెట్టి ఉంచండి. "చూడు, అమ్మ ఏం చేసిందో" అనొద్దు. కార్లు జారుతాయి, కొన్ని దూరం పోతాయి, కొన్ని బోల్తా పడతాయి. వాడు మూడో పుస్తకం కోసం వెతుకుతాడేమో చూడండి. రెండు రోజులైనా ముట్టుకోకపోతే తీసేసి ఇంకోటి పెట్టండి. ఆడేటప్పుడు వాడు కార్లతో మాట్లాడతాడా లేదా అన్నది మీరు రాయలేదు. అది తెలిస్తే ఆ తర్వాత ఏం చేర్చాలో ఇంకొంచెం వివరంగా చెప్పగలను.